35 వేల డాలర్లకి మస్టాంగ్ జీటీనా, కమారో ఎస్ఎస్సా, స్కాట్ ప్యాకా?

నీ ప్రశ్న చూశా తమ్ముడూ. డాలస్‌లో జాబ్, బడ్జెట్ 35 వేలు, 2018 నుంచి 2020 లోపు మోడల్, ఫోర్డ్ మస్టాంగ్ జీటీ గానీ షెవర్లే కమారో ఎస్ఎస్ గానీ డాడ్జ్ చాలెంజర్ స్కాట్ ప్యాక్ గానీ, మూడిట్లో దేనికి పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది, పైగా యూట్యూబ్‌లో అందరూ కమారోనే బెస్ట్ అంటుంటే మరి ఆ కారునే ఎందుకు ఆపేశారు, ఇదే కదా నువ్వడిగింది.

జవాబు ముందే చెప్పేస్తా, ఎందుకో తర్వాత తీరిగ్గా చెప్తా. ఉన్నది ఒకటే కారు, రోజూ ఆఫీసుకి అదే, అమ్మానాన్న వస్తే ఎయిర్‌పోర్టుకీ అదే అయితే మస్టాంగ్ జీటీ తీస్కో. ఇంట్లో ఇంకో బండి ఉండి రేస్ ట్రాక్ మీద సొంత కారు తోలే ట్రాక్ డే పిచ్చి నిజంగా ఉంటే కమారో. స్కాట్ ప్యాక్ అంటే నాకూ ఇష్టమే, కానీ దాని సంగతి ఇన్సూరెన్స్ దగ్గర మాట్లాడుకుందాం.

నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర నోవైలో. చాలా ఏళ్ళుగా సస్పెన్షన్ పార్టులు చేసే సప్లయర్ల దగ్గర పని. మస్టాంగ్ తయారయ్యే ఫ్లాట్ రాక్, కమారో తయారైన లాన్సింగ్, రెండూ మా ఇంటి నుంచి గంట అటూ ఇటూ. చాలెంజర్ మాత్రం అమెరికన్ మజిల్ కారు అని ఎంత గొంతు చించుకున్నా తయారైంది కెనడాలో, ఆంటారియోలోని బ్రాంప్టన్‌లో. నవ్వకు, 1993 నుంచి 2002 దాకా కమారో కూడా కెనడాలోని క్యూబెక్‌లోనే చేశారు.

సరే, అంత మంచి కారు ఎందుకు ఆగిపోయింది అన్నావు. ఇది మొదటిసారి కాదు, ఇదే కథ ఇంతకు ముందు ఒకసారి అచ్చు ఇలాగే జరిగింది. 1998లో కమారో జీ28 (Z28) మోడల్‌లోకి ఎల్ఎస్1 ఇంజిన్ వచ్చింది, 5.7 లీటర్లు, అల్యూమినియం బ్లాకు, 305 హెచ్‌పీ (హార్స్‌పవర్). అదే ఏడాది మస్టాంగ్ జీటీ 225 హెచ్‌పీ. తేడా 80 గుర్రాలు, ధరలో పెద్ద తేడా లేదు, సిగ్నల్ దగ్గర రెండూ పక్కపక్కన ఆగితే ఎవరు ముందుంటారో అడగాల్సిన పనే లేదు. 1999లో ఫోర్డ్ వాళ్ళు 260కి పెంచారు, అయినా వెనకే. మరి అమ్మకాల్లో? 2000 నాటికి కమారో ఒకటి అమ్మితే మస్టాంగ్ మూడు నాలుగు అమ్ముతోంది. 2002లో షెవర్లే, పాంటియాక్ రెండూ నడిపే జనరల్ మోటర్స్ (జీఎం) వాళ్ళు కమారోకి తాళం వేసేశారు, పాంటియాక్ ఫైర్‌బర్డ్‌కి కూడా.

ఎందుకంటే ఆ కారులో ఒకసారి కూర్చుంటే తెలుస్తుంది. ముందు అద్దం బాగా వాల్చేసి ఉంటుంది, డాష్‌బోర్డు ఎంత పొడుగంటే దాని మీద చపాతీలు ఒత్తుకోవచ్చు, ఇంజిన్ సగం ఆ అద్దం కిందకి దూరిపోయి ఉంటుంది, వెనక స్పార్క్ ప్లగ్గులు మార్చాలంటే మెకానిక్‌కి తల ప్రాణం తోకకొస్తుంది. పక్క సీట్లో కూర్చునేవాళ్ళ కాళ్ళ దగ్గర నేల ఉబ్బెత్తుగా ఉంటుంది, కింద పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంది కాబట్టి. మస్టాంగ్‌లో కాస్త నిటారుగా కూర్చుంటావు, బయటకి చక్కగా కనిపిస్తుంది, తలుపు తీసి దిగడం సులువు. చిన్న వీ6 ఇంజిన్ తీసుకునే కాలేజీ అమ్మాయి, ఇద్దరు పిల్లల తండ్రి, రెంటల్ కంపెనీలు, వీళ్ళందరూ కొన్నది మస్టాంగ్. పెద్ద వీ8 ఇంజిన్ కావాలనే కుర్రాళ్ళు ఎప్పుడూ తక్కువే, వాళ్ళ ఒక్కళ్ళ మీద ఫ్యాక్టరీ నడవదు.

అసలు మస్టాంగ్ పుట్టిందే ఆ లెక్క మీద. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో చూపించినప్పుడు దాని ధర 2,368 డాలర్లు. లోపల ఉన్నదంతా ఫాల్కన్ అనే సాదా ఫ్యామిలీ కారు సామాను, పైన మాత్రం పొడుగు బానెట్టు, పొట్టి డిక్కీ. మొదటి ఏడాదిలో 4 లక్షలు పైనే అమ్మారు. దానికి రెండు వారాల ముందే ప్లిమత్ కంపెనీ బారకూడా కారు మార్కెట్లోకి వచ్చిందన్న సంగతి ఇవాళ ఎంతమందికి గుర్తు? అసలు సిసలు మజిల్ కారు అంటే మాత్రం 1964 పాంటియాక్ జీటీఓనే అంటారు మా వైపు పాతవాళ్ళు. మధ్యస్థం సైజు కార్లలో 330 క్యూబిక్ ఇంచుల కన్నా పెద్ద ఇంజిన్ పెట్టకూడదని జీఎంలో రూలు ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజినీర్ జాన్ డిలోరియన్, ఆయన టీమ్ ఏం చేశారంటే కొత్త మోడల్ అని చెప్పకుండా టెంపెస్ట్ కారుకి ఆప్షన్ ప్యాకేజీ అని పేరు పెట్టి 389 ఇంజిన్ దూర్చేశారు, ఆ ప్యాకేజీకి 300 డాలర్లు కూడా కాలేదు. పై వాళ్ళు తేరుకునే లోపు ఆర్డర్లు వచ్చి పడ్డాయి.

అంటే మజిల్ కారు మొదట్నుంచీ చవక బాడీలో పెద్ద ఇంజిన్, అంతే. 1968లో ప్లిమత్ వాళ్ళు రోడ్ రన్నర్ తెచ్చినప్పుడు ఇంకా నిక్కచ్చిగా లెక్కేశారు, 3 వేల డాలర్ల లోపు ఉండాలి, పావు మైలు రేసు చివర్లో 100 మైళ్ళ స్పీడు తాకాలి, మిగతాది ఏం తీసేసినా పర్లేదు. తీసేశారు కూడా, కింద కార్పెట్ బదులు రబ్బరు మ్యాటు, ముందు బెంచీ సీటు. డబ్బు పెట్టింది ఎక్కడంటే 383 ఇంజిన్ మీద, రోడ్ రన్నర్ అనే కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకోడానికి ఇచ్చిన 50 వేల డాలర్ల మీద. ఆ ఏడాది 45 వేల దగ్గర అమ్ముడుపోయాయి. కంపెనీ వాళ్ళే అంత ఊహించలేదు.

తర్వాత పోటీ శ్రుతి మించింది. 1970లో షెవర్లే వాళ్ళ షెవెల్ ఎస్ఎస్ 454, ఎల్ఎస్6 ఇంజిన్‌తో కాగితం మీద 450 హెచ్‌పీ. ఆ అంకెని ఇప్పటి అంకెలతో పోల్చకు, అది గ్రాస్ లెక్క, ఇంజిన్‌ని బయట స్టాండు మీద పెట్టి ఎయిర్ ఫిల్టరూ సైలెన్సరూ ఏమీ లేకుండా కొలిచింది. 1972కి నెట్ లెక్క వచ్చాక అంకెలు ఒక్కసారిగా కుంగిపోయాయి. అప్పటికే ఇన్సూరెన్స్ కంపెనీలు పెద్ద ఇంజిన్ ఉన్న ప్రతి కుర్రాడి మీదా ప్రీమియం బాదేస్తున్నాయి, 1970 క్లీన్ ఎయిర్ యాక్టు పొగ మీద పడింది, 1973లో అరబ్ దేశాలు చమురు ఆపాయి. చాలామంది ఆయిల్ షాక్ చంపింది అంటారు గానీ నన్నడిగితే ముందు గొంతు నొక్కింది ఇన్సూరెన్సే. ఇది గుర్తు పెట్టుకో, నీకు పనికొస్తుంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2005లో మస్టాంగ్ పాత రూపంలో మళ్ళీ వచ్చి హిట్టయింది, 2008లో చాలెంజర్, 2009లో కమారో (2010 మోడల్‌గా) తిరిగొచ్చాయి. కమారో ఎస్ఎస్ మాన్యువల్ 426 హెచ్‌పీ, అప్పటికి మస్టాంగ్ జీటీ 315. ఫోర్డ్ వాళ్ళు కంగారుపడి మరుసటి ఏడాదే 5.0 కొయోట్ ఇంజిన్ దింపారు, 412 హెచ్‌పీ. అయినా 2010 నుంచి 2014 దాకా వరసగా అమ్మకాల్లో కమారోనే పైన, ఎందుకంటే ఆ ఐదో తరం కమారో చూడ్డానికి బొమ్మలా ఉండేది, జనం షోరూముకి వచ్చి ఎగబడ్డారు. తమాషా ఏంటంటే ఆ కమారో బరువెక్కువ, మలుపుల్లో మరీ అంత గొప్పగా ఏం తిరగదు. చూపుకి కొన్నారు.

2016లో ఆరో తరం వచ్చింది. కేడిలాక్ కార్ల కింద వాడే ఆల్ఫా ప్లాట్‌ఫామ్ మీద కట్టారు, బరువు బాగా తగ్గింది, 455 హెచ్‌పీ, 455 టార్క్ (చక్రం తిప్పే బలం). తోలితే తెలుస్తుంది, స్టీరింగ్ ఎటు తిప్పితే కారు ముక్కు అటే, వెనక సస్పెన్షన్ గుంతల మీద కూడా చెక్కుచెదరదు. ఈ పనిలో ఉన్నవాడిగా చెప్తున్నా, ఆ డబ్బులో అలాంటి చాసిస్ ఇంకెవరూ ఇవ్వలేదు. ట్రాక్ కోసం చేసిన 1ఎల్ఈ ప్యాకేజీ ఉంటే ఇంకా, దాని రెండింతల ధర ఉన్న జర్మన్ కార్లకి ట్రాక్ మీద చుక్కలు చూపించింది.

అయితే ఆల్ఫా ఖరీదైన ప్లాట్‌ఫామ్. 2016లో ఎస్ఎస్ 37 వేల పైనుంచి మొదలు, జీటీ 33 వేల నుంచి. అక్కడే 4 వేలు తేడా. దానికి తోడు పాత మోడల్ చూపు నచ్చి కొన్నారని కొత్తదానిలో పైకప్పు ఇంకా కిందకి, కిటికీలు ఇంకా సన్నగా చేశారు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు వెనక్కి చూసి లేన్ మారి చూడు, కెమెరా, బ్లైండ్ స్పాట్ సెన్సారు లేకపోతే దేవుడి మీద భారం వేయాల్సిందే. ఇక డిక్కీ 9.1 క్యూబిక్ అడుగులు. అసలు సమస్య ఆ 9.1 కూడా కాదు, మూత తెరిస్తే కనిపించే సందు. ఇండియా నుంచి వచ్చే 23 కిలోల పెద్ద సూట్‌కేసు ఆ సందులోంచి లోపలికి పోదు, లోపల ఖాళీ ఉన్నా పోదు. మా కొలీగ్ ఒకతను డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో సూట్‌కేసు తెరిచి పచ్చడి డబ్బాలు ఒక్కొక్కటిగా డిక్కీలో సర్దుకున్నాడు, వాళ్ళత్తగారు వెనక సీట్లోకి దూరలేక నిలబడి చూస్తూ ఉన్నారు. మస్టాంగ్ డిక్కీ 13.5, చాలెంజర్ 16.2, చాలెంజర్‌లో వెనక ముగ్గురు కూర్చోవచ్చు కూడా.

2019లో కమారో ఎస్ఎస్ ముందు గ్రిల్ మధ్య పట్టీ నల్లగా చేసి మూతి మార్చారు, జనం తిట్టిన తిట్లకి ఏడాది తిరక్కుండానే ఎస్ఎస్ మూతి మళ్ళీ సర్దారు. లెక్కలు చూడు, 2015లో మస్టాంగ్ 1.22 లక్షలు అమ్మితే కమారో 77 వేలు. 2021కి వచ్చేసరికి చాలెంజర్ 54 వేలు, మస్టాంగ్ 52 వేలు, కమారో 22 వేల లోపు. చిప్పుల కొరత అందరికీ ఉంది, కమారోకి ఇంకాస్త ఎక్కువ తగిలింది, కానీ జారడం అంతకు ముందే మొదలైంది. చాలెంజర్, కమారో రెండూ 2023 డిసెంబర్లోనే ఆగిపోయాయి. పెట్రోల్ వీ8తో మిగిలింది మస్టాంగ్ ఒక్కటే, మూడిట్లో ఏ ఏడాదీ పూర్తిగా మూతపడనిది కూడా అదే.

చాలెంజర్ సంగతి వేరు. దాని అడుగున ఉన్న డిజైన్ డైమ్లర్‌క్రైస్లర్ రోజుల నాటిది, మెర్సిడెస్ నుంచి తెచ్చుకున్న సస్పెన్షన్ ఆలోచనలతో కట్టింది. పదిహేనేళ్ళ పాటు దాన్నే అమ్మారు, పెట్టుబడి ఎప్పుడో వచ్చేసింది కాబట్టి మిగిలిన డబ్బంతా ఇంజిన్ల మీద పెట్టారు. 2015లో హెల్‌క్యాట్ 707 హెచ్‌పీ, ధర 60 వేల దగ్గర. అప్పుడు అంత పవర్ ఆ ధరకి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. తర్వాత డీమన్, చివర్లో డీమన్ 170 అని, ఎథనాల్ ఎక్కువ కలిపిన ఈ85 పెట్రోల్ మీద 1,025 హెచ్‌పీ. నువ్వు చూసే స్కాట్ ప్యాక్ 6.4 లీటర్లు, 485 హెచ్‌పీ. కాగితం మీద మూడిట్లో ఎక్కువ, కానీ బరువు 4,200 పౌండ్ల పైన, మిగతా రెండూ 3,700 దగ్గర. అందుకే సున్నా నుంచి 60 మైళ్ళ స్పీడుకి మూడూ 4 సెకండ్ల చుట్టుపక్కలే, మంచి ఆటోమేటిక్ జీటీ స్కాట్ ప్యాక్‌ని తేలిగ్గానే వెనకేస్తుంది. కానీ హ్యూస్టన్ దాకా వెళ్ళి రావాలంటే చాలెంజర్ అంత సుఖం మిగతా రెండిట్లోనూ లేదు, సోఫాలో కూర్చున్నట్టే.

ఇప్పుడు డబ్బుల సంగతి. స్టిక్కర్ ధర చూసి వాల్యూ అనుకోవద్దు. డాలస్‌లో, పాతికేళ్ళ చుట్టుపక్కల వయసులో, అమెరికాలో డ్రైవింగ్ హిస్టరీ రెండేళ్ళు కూడా లేకుండా వీ8 కూపేకి ఫుల్ కవరేజీ అడిగితే కొందరికి వచ్చే కోట్ నెల కార్ లోన్‌లో సగం దాకా ఉంటుంది. లోన్ మీద కొంటే ఫుల్ కవరేజీ తప్పదు, అక్కడ వడగళ్ళు గుడ్ల సైజులో పడతాయి కాబట్టి లోన్ లేకపోయినా కాంప్రహెన్సివ్ (వడగళ్ళు, దొంగతనం లాంటి నష్టాలకి డబ్బిచ్చే పాలసీ) మానకు. డాడ్జ్‌కి దొంగతనాల గొడవ ఒకటి. ఇన్సూరెన్స్ వాళ్ళ రీసెర్చ్ సంస్థ హెచ్ఎల్‌డీఐ లెక్క ప్రకారం 2020 నుంచి 2022 మోడల్ చార్జర్ హెల్‌క్యాట్ (డాడ్జ్ వాళ్ళదే, నాలుగు తలుపుల కారు) దొంగతనం క్లెయిములు సగటు కారు కంటే 60 రెట్లు పైన. స్కాట్ ప్యాక్ హెల్‌క్యాట్ కాదు అనుకో, కానీ దొంగకి నచ్చిన కుటుంబమే, ప్రీమియంలో ఆ వాసన తగులుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఓపెన్ పార్కింగ్ అయితే నేను మాత్రం వద్దంటా.

టైర్ల ఖర్చు ఎవరూ చెప్పరు. కమారో ఎస్ఎస్‌కీ, పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్న జీటీకీ వెనక టైర్లు 275 సైజు, పైగా సమ్మర్ టైర్లు, కాలుకి కాస్త దురద ఉంటే ఏడాదికోసారి మార్చాల్సిందే. కమారో 1ఎల్ఈకి వచ్చే టైర్లు ఇంకా మెత్తన, ఇంకా ఖరీదు. అయినా జీటీ తీస్కుంటే బ్రేకులు, కూలింగ్ ఫ్యాక్టరీలోనే పెంచిన ఆ పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నదే చూడమంటా, ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు వస్తాయి, తర్వాత విడిగా వేయించుకుంటే దానికి రెండింతలు పోతుంది. రోడ్డుని బట్టి బిగువు మార్చుకునే మ్యాగ్నరైడ్ షాక్ అబ్జార్బర్లు కూడా ఉంటే అదృష్టం, కానీ అవి పోతే బిల్లు కాస్త గట్టిగానే ఉంటుంది.

చెక్ చేయాల్సినవి. కమారో ఎస్ఎస్ 2018 ఆటోమేటిక్ అయితే 8 స్పీడు గేర్‌బాక్సు, 40 నుంచి 60 మైళ్ళ మధ్య నిదానంగా పోతున్నప్పుడు రోడ్డు మీద గీతలు ఉన్నట్టు వణుకు వస్తుందేమో చూడు, వస్తే కొత్త రకం ఫ్లూయిడ్ వేశారా లేదా సర్వీసు రికార్డులో అడుగు. మస్టాంగ్ 2018 నుంచి 10 స్పీడు ఆటోమేటిక్, చల్లగా ఉన్నప్పుడు కింది గేర్లలో కుదుపు ఉంటే వదిలెయ్. ఇంజిన్ దగ్గర టైప్‌రైటర్ కొట్టినట్టు టిక్‌టిక్ అంటే ఆ తరం కొయోట్లలో చాలావాటికి ఉంది, దానికి భయపడక్కర్లేదు, కానీ కారు ఆ శబ్దం చేస్తుంటే బేరం ఆడుకోడానికి పనికొస్తుంది. హెమీలో, అంటే చాలెంజర్ ఇంజిన్‌లో, టిక్కు మాత్రం తేలిగ్గా తీసుకోకు, లిఫ్టర్లు, క్యామ్‌షాఫ్టు అరిగే రోగం ఉంది వాటికి, వేడెక్కాక కూడా శబ్దం తగ్గకపోతే మెకానిక్‌కి చూపించే దాకా డబ్బు తీయకు. మూడిట్లో ఏదైనా పవర్ పెంచడానికి ట్యూన్ చేసి మళ్ళీ స్టాక్‌కి, అంటే కంపెనీ ఇచ్చిన రూపానికి తిప్పి అమ్మేవాళ్ళు బోలెడు, బానెట్టు కింద కొత్త క్లిప్పులు, రంగు తేడా బోల్టులు కనిపిస్తే అడుగు.

టెక్సస్‌లో చవగ్గా దొరికే జీటీలు చాలావరకు రీబిల్ట్ టైటిల్ ఉన్నవి, అంటే వడగళ్ళకో వరదకో పోయాక బాగు చేసినవని కాగితాల్లో రాసి ఉన్నవి. 35 వేల కారు 24 వేలకి అంటే సంబరపడకు, మళ్ళీ అమ్మేటప్పుడు నీకూ అదే గతి, పైగా కొన్ని కంపెనీలు దానికి ఫుల్ కవరేజీ ఇవ్వవు.

ఇండియాకి వెనక్కి వెళ్ళిపోతే కారు పట్టుకెళ్ళొచ్చా అని కూడా అడిగావు, ఆ ఆలోచన మానుకో. లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్, డ్యూటీ, రిజిస్ట్రేషన్, ఏదీ కుదరదు. 2016లో ఫోర్డ్ వాళ్ళే ఇండియాలో రైట్ హ్యాండ్ డ్రైవ్ మస్టాంగ్ అధికారికంగా పెట్టారు, 5.0 ఆటోమేటిక్, సుమారు 400 హెచ్‌పీ, ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 65 లక్షలు. అదే ఏడాది ఇక్కడ జీటీ 33 వేల డాలర్లు, అప్పటి మారకంలో 22 లక్షలు. ఇక్కడ ఫ్యాక్టరీ వర్కరు ఓవర్‌టైమ్ చేసి కొనుక్కునే బండి హైదరాబాద్‌లో దిగేసరికి జూబ్లీహిల్స్ బండి అయిపోతుంది.

రేసింగ్ సరదా ఉంటే ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్ ఉంది, మలుపులు కావాలంటే క్రెసన్‌లో మోటర్‌స్పోర్ట్ ర్యాంచ్ ఉంది. రోడ్డు మీద మాత్రం వద్దు, టెక్సస్‌లో హైవే మీద రేసింగ్ అంటే టికెట్ కాదు, క్రిమినల్ కేసు, వీసా మీద ఉన్నవాడికి అది ఎంత దూరం పోతుందో నేను చెప్పక్కర్లేదు. ఎప్పుడైనా ఆగస్టులో ఇటు రా, మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ ఊరి దాకా వెళ్ళే రోడ్డు అది. పాత జీటీఓలు, హెమీ ఇంజిన్ బారకూడాలు అన్నీ 15 మైళ్ళ స్పీడులో పాకుతూ ఉంటాయి, ఏది ఫాస్టో ఎవడూ అడగడు.

ఈ వారం చేయాల్సిన పని ఒకటే. నచ్చిన మూడు కార్ల విన్ నంబర్లు (ఒక్కో కారుకి ఉండే గుర్తింపు నంబర్లు) తీసుకుని, కారు చూడ్డానికి వెళ్ళక ముందే మూడిటికీ ఇన్సూరెన్స్ కోట్లు తెప్పించుకో, ఆరు నెలల ప్రీమియం అంకెలు ఇక్కడ పెట్టు. వాటితో పాటు ఏ ప్యాకేజీ, ఎన్ని మైళ్ళు, టైటిల్ ఏంటో కూడా రాయి, చూసి ఏది బేరమో ఏది బొక్కో చెప్తా.